తేదీ రాసే సేపు

ఆ పేటలో ప్రభుత్వ బడి గురించి అభిప్రాయం లేని మనిషి లేడు. ఆరు, ఏడు, ఎనిమిది, మూడే తరగతులున్న బడి అది. దాని మీద మాటలు మాత్రం మూడు విశ్వవిద్యాలయాలకు సరిపడా ఉండేవి. మంగలి షాపులో కూర్చుంటే, "టీచర్లు బంగారమండీ, గోడలకే చెమ్మ" అనేవాళ్లు. అక్కడ గడ్డం గీయించుకుని పాల బూత్ దగ్గరికొస్తే, "గోడలకేం, మొన్ననే సున్నం కొట్టారు, చెప్పేవాళ్లకే ఓపిక లేదు" అనేవాళ్లు. రెండు చోట్లా తలూపి ఇంటికెళ్లే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. తలూపడం మానేసి ఏదో ఒకటి తేల్చాల్సిన పని ఆయన నెత్తిన పడింది.

అందరూ ఆయన్ని కంట్రోలర్ గారు అనేవాళ్లు. బస్సు డిపోలో ఉద్యోగం చేసి దిగిపోయారు. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో చూసి ఈల వెయ్యడం ఆయన పని. ఈల పడితే బస్సు కదలాలి. ఎవరు పరిగెత్తుకొస్తున్నా, ఎవరి మూట జారిపడినా అది తర్వాతి బస్సు సంగతి. ఒక డ్రైవరు మాత్రం సరిగ్గా ఈల పడగానే కిందికి దిగి అద్దం తుడవడం మొదలుపెట్టేవాడు. "ఇంతసేపూ ఏం చేశావు నాయనా?" అని ఈయన అరిస్తే, "మురికి ఇప్పుడే కనపడింది సార్" అనేవాడు. ఈలోగా ఏ ముసలమ్మో రొప్పుకుంటూ వచ్చి ఎక్కేసేది. అతని మీద పైవాళ్లకు రాసి, రూటు మార్పించిన కథను కంట్రోలర్ గారు చాలా ఇష్టంగా చెప్పుకునేవారు.

ఆయన కూతురింట్లో ఉంటారు. కూతురు ఆసుపత్రిలో నర్సు. అల్లుడు ఎక్కడో దూరాన వంతెన కడుతున్న చోట సూపర్‌వైజరు. మనవరాలు ఆరో తరగతి. సన్నగా, గెంతుతూ నడుస్తుందని ఆయన దాన్ని పిట్ట అని పిలుస్తారు. ఇంట్లో అందరికీ అదే పేరైపోయింది.

"నాన్నా, ఇది నువ్వే తేల్చాలి" అంది కూతురు ఒక సాయంత్రం, డ్యూటీకి వెళ్తూ చెప్పుల్లో కాళ్లు దూర్చి. "ఊరి బయట ప్రైవేటు స్కూలువాళ్లు ఏడో తరగతికి సీటు ఉంచుతామన్నారు. నెలాఖరులోగా చెప్పాలట. పొద్దున్నే వాళ్ల బస్సు వీధి మొదట్లోకి వస్తుంది. ఈయనేమో ఫోన్లో 'మామయ్యగారు ఎలా అంటే అలా' అని తప్పించుకున్నారు."

"పిట్ట ఏమంటోంది?"

"ఇక్కడే చదువుతానంటోంది. ఎందుకే అంటే 'దగ్గర' అంటుంది. అంతకు మించి నోరు విప్పదు."

"దగ్గరుందని నూతిలో దూకుతామా? నేను చూస్తాలే."

"అలాగే కళ్ల డాక్టరు దగ్గరికి కూడా..."

"ఒకసారికి ఒక బస్సునే వదలాలమ్మా" అన్నారాయన.

కళ్ల విషయంలో ఆయనకు ఎప్పుడూ ఒక బస్సు అడ్డమొచ్చేది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. చిన్న ఆపరేషన్ అని కూతురు చెప్పి చెప్పి అలసిపోయింది. కంటి మీద కత్తి అంటే ఆయనకు భయం. ఆ మాట ఒప్పుకోకుండా, "ఏ బస్సొస్తోందో చప్పుడుతోనే చెబుతా, నాకు కళ్లెందుకు?" అనేవారు. చెప్పేవారు కూడా. ఇంజను దగ్గు విని అది ఏ డిపో బండో, ఎన్నాళ్లుగా సర్వీసింగ్ లేదో చెప్పేసేవారు.

ప్రతి ఉదయం తాతా మనవరాలూ కలిసే ఇంట్లోంచి బయల్దేరేవాళ్లు. అది ఆయన పెట్టిన టైము, తిరుగు లేదు. మంగలి షాపున్న మలుపు దగ్గర విడిపోయేవాళ్లు. పిట్ట ఎడమకి, బడి వైపు. ఆయన కుడికి, పెద్ద రోడ్డు దాటి పఠన మందిరానికి. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకుంటానని కూతురు ఒకసారి అన్నందుకు ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. పఠన మందిరంలో పేపరు పట్టుకుని కూర్చునేవారు గానీ, కొన్ని నెలలుగా పెద్దక్షరాలు తప్ప ఏమీ ఆనేవి కావు. పక్క కుర్చీలో రిటైరైన పోస్టుమాన్ ఒకాయన కూర్చునేవాడు. "పైకి చదవకపోతే నాకు బుర్రకెక్కదండీ, ఏమనుకోకండి" అని చెప్పి, మొదటి పేజీ నుంచి చివరి దాకా పైకి చదివేవాడు. ఇంతకు ముందు మౌనంగానే చదువుకునేవాడని కంట్రోలర్ గారికి గుర్తుంది. ఆయన అడగలేదు, అతను చెప్పలేదు.

బడి సంగతి తేల్చాలని నిశ్చయించుకున్నాక ఆయన విచారణ మొదలుపెట్టారు. ఆదివారం పిట్ట దగ్గరికి ఒక స్నేహితురాలొచ్చింది. ఆ పిల్ల నోరు తెరిస్తే రెండు వీధులకి వినబడుతుంది. బళ్లో దాన్ని మైకు అంటారట, అదే చెప్పుకుంది. ఇద్దరూ బల్ల ముందు కూర్చుని పటాలు గీస్తున్నారు.

"మీ బడి ఎలా ఉంటుందే?" అని అడిగారాయన, ఏమీ ఎరగనట్టు.

"సూపర్ తాతగారూ! సైన్సు టీచరు కోప్పడితే ముక్కు ఎర్రబడుతుంది. డ్రాయింగు సారు ఎవరేం గీసినా 'భేష్' అంటారు, నేను చెయ్యి జారి గీత గీస్తే దానికీ భేష్ అన్నారు. లెక్కల సారే మాకు ఫస్టు పీరియడ్. ఆయన చెవిటి సారు."

"చెవుడా?"

"మరే! ఆలస్యంగా వచ్చినవాళ్లంతా వెనక తలుపులోంచి పిల్లుల్లా దూరిపోతారు, ఆయనకి వినపడనే వినపడదు. అటు తిరిగి బోర్డు మీద తేదీ రాస్తూ ఉంటారు. ఆ తేదీ రాయడానికే ఒక యుగం పడుతుంది తాతగారూ! ఒక్కొక్క అంకె ముగ్గులా దిద్దుతారు. పూర్తయ్యేసరికి అందరూ లోపలుంటారు. మొన్న మన పిట్ట..."

బల్ల కింద ఎవరో ఎవర్నో గట్టిగా తన్నిన చప్పుడైంది. మైకు ఆగిపోయింది.

"పిట్ట ఏం చేసింది?"

"ఏం లేదు. మొన్న పిట్టకి పదికి పది వచ్చాయి" అంది మైకు, మొదటిసారి మెల్లగా.

కంట్రోలర్ గారికి పదికి పది చెవికెక్కలేదు. వెనక తలుపే చెవిలో నిలిచిపోయింది. ఈల పడ్డాక బస్సెక్కే జనం, అద్దం తుడిచే డ్రైవరు. ఇదన్నమాట ఈ బడి రోగం అనుకున్నారు.

ఆ బడికి ఒక పద్ధతి ఉంది. ఏడాదికోసారి రెండు శనివారాలు అభిప్రాయాలకు కేటాయిస్తారు. మొదటి శనివారం పిల్లలూ, తల్లిదండ్రులూ ఏమైనా అనొచ్చు. టీచర్లు గోడవార నిలబడి వినాలి, నోరు మెదపకూడదు. ఉడుకు చల్లారాక, రెండో శనివారం టీచర్ల వంతు. ఆ రోజు మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. ఈ రూలు పెట్టింది హెడ్‌మిస్ట్రెస్. గట్టి మనిషి. "జవాబు చెప్పేవాడికి వినపడదు" అని ఆవిడ ఒకే ఒక్క కారణం చెప్పేది.

మొదటి శనివారం హాలు నిండిపోయింది. పెద్దవాళ్లంతా పిల్లల బెంచీల్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. బల్లల మీద చెక్కిన పేర్లు చదువుకుంటూ ఒక తండ్రి తన కొడుకు పేరు కనిపెట్టి చేత్తో కప్పేశాడు.

ముందు పిల్లలు మాట్లాడారు. ఆటల పీరియడ్‌ని లెక్కలకి లాగేసుకుంటున్నారని ఒకడు, మంచినీళ్ల కుళాయి బొట్టు బొట్టుగా పడుతోందని ఒకత్తె. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు లేచి, "మా టీచర్లు ఇంట్లో కూడా ఇలాగే ఉంటారా అని నా డౌటు" అని కూర్చున్నాడు. గోడవార సైన్సు టీచరు ముక్కు ఎర్రబడింది. రూలు రూలే కాబట్టి ఆవిడ కప్పు వైపు చూసింది.

తర్వాత తల్లులూ తండ్రులూ. హోంవర్కు ఎక్కువని ఒకావిడ అంది. ఆవిడ పక్కనే కూర్చున్న ఆవిడ హోంవర్కు తక్కువని అంది. ఇద్దరి పిల్లలూ ఒకే తరగతి.

"మీవాడు అంత రాస్తున్నాడా వదినా?"

"మీవాడు రాయట్లేదేమో అడుగు వదినా."

నవ్వులు సద్దుమణిగాక కంట్రోలర్ గారు లేచారు. డిపోలో మాట్లాడిన గొంతుతోనే మాట్లాడారు.

"గోడల సంగతీ కుళాయి సంగతీ నాకనవసరం. బడికి ప్రాణం టైము. ఆరో తరగతి గదికి వెనక తలుపు ఒకటుంది. గంట కొట్టాక వచ్చినవాళ్లు దాంట్లోంచి దూరుతున్నారు. సారు అటు తిరిగి తేదీ రాసుకుంటూ ఉంటారు. తేదీ రాయడానికి అంతసేపెందుకండీ? వినపడదనుకోవాలా, పట్టదనుకోవాలా? టైముకొచ్చిన పిల్లకీ రాని పిల్లకీ తేడా లేకపోతే టైముకెందుకు రావాలి? నా మనవరాలు రోజూ ఠంచనుగా ఇంట్లోంచి బయల్దేరుతుంది. పంపేది నేను. ఆ తలుపుకి గడియ వేయించండి."

చప్పట్లు మోగాయి. వెనక బెంచీవాళ్లు కూడా కొట్టారు. కంట్రోలర్ గారు గోడ వైపు చూశారు. అక్కడ వరసగా నిలబడ్డ మసక రంగుల్లో లెక్కల సారు ఏ రంగో ఆయనకు తెలియలేదు. పిల్లల వైపు పిట్ట ఏ రంగో కూడా తెలియలేదు.

"సోమవారం నుంచి ఆ తలుపుకి గడియ వేస్తాం" అంది హెడ్‌మిస్ట్రెస్. "ఆలస్యంగా వచ్చినవాళ్లు నా గదికి వచ్చి, మొదటి పీరియడ్ అయ్యాక తరగతికి వెళ్తారు."

ఇంటికెళ్తూ ఆయన హుషారుగా ఉన్నారు. "ఎలా మాట్లాడానే?" అన్నారు.

"గట్టిగా మాట్లాడావు తాతా" అంది పిట్ట.

సోమవారం ఇద్దరూ మామూలుగానే బయల్దేరారు. మంగళవారమూ అంతే. బుధవారం మధ్యాహ్నం కూతురికి బడి నుంచి ఫోనొచ్చింది. రాత్రంతా మేలుకుని వచ్చి అప్పుడే నడుం వాల్చిన మనిషి, ఫోను పెట్టేసి తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"మూడు రోజులుగా పిట్ట ఆలస్యంగా వెళ్తోందట నాన్నా. ఫస్టు పీరియడ్ అంతా హెడ్‌మిస్ట్రెస్ గదిలో స్టూలు మీద కూర్చుంటోందట."

"అబద్ధం! మలుపు దాకా నేనే తీసుకెళ్తున్నా. మలుపు నుంచి బడి ఎంతసేపు?"

"అదే కదా నా భయం. ఎక్కడికి పోతోంది?"

సాయంత్రం తల్లి అడిగింది, బతిమాలింది, కసిరింది. పిట్ట గోడకి ఆనుకుని కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడింది. "రేపట్నించి పరిగెత్తి వెళ్తా" అంది తప్ప మరో ముక్క చెప్పలేదు.

"ఇంక అనుకోవాల్సిందేముంది?" అంది కూతురు చివరికి. "ఆ ప్రైవేటు స్కూలుకే పంపేద్దాం. బస్సు వీధిలోకొచ్చి ఎక్కించుకుపోతుంది. దారిలో ఎక్కడా ఆగే పని ఉండదు."

ఆ మాటకి పిట్ట ముఖం ఎత్తింది. "వద్దమ్మా! ఆ బస్సు మరీ పొద్దున్నే వస్తుంది!"

"పొద్దున్నే లేస్తే అరిగిపోతావా?"

పిట్ట మళ్లీ నేలలోకి చూసింది. కంట్రోలర్ గారు మాత్రం, "రేపొక్కరోజు ఆగు. నేను చూస్తాను" అన్నారు. డిపోలోంచి టైముకే బయల్దేరిన బస్సు చివరి స్టాపుకు ఆలస్యంగా చేరితే, డ్రైవర్ని అడిగి లాభం లేదని ఆయనకు తెలుసు. దారి మధ్యలో ఎక్కడో నిలబడి కళ్లారా చూడాలి.

మర్నాడు మలుపు దగ్గర విడిపోయారు. పిట్ట ఎడమకి తిరిగింది. ఆయన కుడికి నాలుగడుగులు వేసి, గబుక్కున మంగలి షాపు మెట్టెక్కి తలుపు చాటుకి జరిగారు.

"గడ్డమా కంట్రోలర్ గారూ?" అన్నాడు మంగలి.

"ఉష్! ఒక బస్సు రావాలి."

"ఈ సందులోకి బస్సా?"

మలుపు మీద తెలుపూ నీలమూ కలిసిన ఒక చిన్న మసక కనిపించింది. ఎడమకి పోయిన పిల్ల వెనక్కొచ్చింది. గోడ వారగా, అలవాటైన నడకతో, పెద్ద రోడ్డు వైపు. షాపు దాటి నాలుగడుగులు వేసి ఆగింది. అటూ ఇటూ చూసింది. ఒక్క ఉదుటున రోడ్డంచుకి పరిగెత్తింది. మళ్లీ వెనక్కొచ్చింది. మళ్లీ అంచుకి పోయింది. "తాతా" అంది ముందు మామూలుగా. తర్వాత అరిచింది. ఆ గొంతు అలా చీలడం ఆయన ఎప్పుడూ వినలేదు.

"అయ్యో, మీ మనవరాలేగా" అన్నాడు మంగలి, కత్తెర పట్టుకునే గుమ్మంలోకొచ్చి. "ఇవాళ మీరు కనపడక అల్లాడిపోతోందండీ."

"ఇవాళేమిటి?"

"రోజూ మీ వెనకాలే వస్తుందిగా. మీరు రోడ్డు దాటేదాకా ఆ కరెంటు స్తంభం పక్కన నించుంటుంది. దాటారా, ఇంక వెనక్కి ఒకటే పరుగు. మీ ఇద్దరూ అనుకునే చేస్తున్నారని నేను..."

కంట్రోలర్ గారు మెట్టు దిగారు. దిగేటప్పుడు కాలు తడబడి గుమ్మం పట్టుకున్నారు.

"పిట్టా! ఇక్కడున్నానే."

అది వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది. ముందు ఏడ్చింది, ఆ వెంటనే కోపం తెచ్చుకుంది. "ఎక్కడికి పోయావ్? అలా పోకూడదు! ఆ బ్యాటరీ బండ్లకి చప్పుడుండదు తాతా, నీకు తెలీవు!"

"నాకు అన్నీ తెలుసే..."

"తెలీదు! పోయిన నెల ఒకటి నీ చొక్కా రాసుకుంటూ పోయింది. నువ్వు గాలి తగిలిందనుకుని మొహం పైకెత్తి నవ్వుకున్నావ్."

ఆయనకు ఆ గాలి గుర్తుంది. ఆ రోజు చల్లగా, హాయిగా అనిపించింది. పఠన మందిరంలో పోస్టుమాన్‌తో కూడా అన్నారు, గాలి మారిందని.

"మీ అమ్మకెందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్ను బయటికే పంపదు. ఇంట్లో కూర్చోబెట్టేస్తుంది."

రోడ్డు మీద ఏదో బస్సు పోయింది. అది ఏ డిపోదో ఆయన చెప్పలేదు. "పద, నేను కూడా బడికొస్తా" అన్నారు. మనవరాలి భుజం మీద చెయ్యి వేశారు. దానికి ఆ బరువు కొత్తైనట్టుంది, గెంతకుండా నడిచింది.

పిట్ట హెడ్‌మిస్ట్రెస్ గదిలో స్టూలెక్కి కూర్చున్నాక ఆయన వరండాలో నిలబడ్డారు. మొదటి పీరియడ్ అయిపోయి లెక్కల సారు బయటికొచ్చారు. సుద్దపొడి వాసన, మెత్తటి చెప్పుల చప్పుడు.

"నమస్కారమండీ. కుంటుకుంటూ వచ్చింది మీరేనా, చెప్పు కరిచిందా?" అన్నారు సారు.

"మెట్టు తగిలింది. మీకెలా తెలిసింది?"

"మీరు గేటు దాటుతుంటే గదిలోంచే విన్నాను. ఒక అడుగు తేలిక, ఒకటి బరువు. పక్కన మీ మనవరాలి అడుగు."

కంట్రోలర్ గారు ఆ గొంతు వైపు తిరిగారు. "అంటే మీకు వినపడుతుంది" అన్నారు.

"కాస్త ఎక్కువే వినపడుతుందండీ. ఎవరు వస్తున్నారో గేటు దగ్గరే తెలుస్తుంది. అప్పుడు తేదీ మొదలుపెడతాను. ఎవరైనా మరీ దూరంలో ఉంటే వారం పేరు కూడా రాస్తాను."

"మా పిల్ల సంగతి మీకు ముందే తెలుసా?"

"మొదటిసారి ఆలస్యమైనప్పుడు అడిగాను, చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. ఆ తర్వాత ఎవర్నీ అడగడం మానేశాను. అడిగిన కొద్దీ పిల్లలు అబద్ధాలు నేర్చుకుంటారండీ."

"శనివారం నేను అన్ని మాటలంటుంటే..."

"మాట్లాడకూడదని రూలు కదా."

"రూలు లేకపోతే చెప్పేవారా?"

సారు చేతులు దులుపుకున్నారు. "లేదండీ. అది మీ మనవరాలి మాట, నాది కాదు" అని ఏడో తరగతి వైపు వెళ్లిపోయారు.

రెండో శనివారం హాల్లో సగం బెంచీలు ఖాళీ. మనం తిట్టడం అయిపోయాక వాళ్లు తిడితే వినడానికి ఎవరొస్తారు? కంట్రోలర్ గారు మాత్రం ముందు బెంచీలో కూర్చున్నారు. కూతురు కూడా వచ్చింది. బడికి వెళ్లొచ్చిన రోజు రాత్రే ఆయన ఆమెకు అంతా చెప్పేశారు. చాలాసేపు ఆయన చొక్కా మడతపెడుతూ కూర్చుంది, అప్పటికే మడతపెట్టి ఉన్నదాన్ని.

టీచర్లు ఒక్కొక్కరూ లేచారు. పిల్లల్ని కాస్త పెందలాడే పడుకోబెట్టమని సైన్సు టీచరు అడిగింది. తండ్రులు గీసిన బొమ్మలకి భేష్ అనడం తనకు కష్టంగా ఉందనీ, పిల్లల్నే గీయనివ్వమనీ డ్రాయింగు సారు అన్నారు. లెక్కల సారు లేచి, "సుద్దముక్కలు నాసిగా ఉన్నాయి. అంకె దిద్దితే విరిగిపోతున్నాయి" అని కూర్చోబోయారు.

కంట్రోలర్ గారు చటుక్కున లేచారు. "అమ్మా, పోయిన శనివారం నేను చెప్పిన అభిప్రాయం..."

"ఇవాళ టీచర్ల వంతండీ" అంది హెడ్‌మిస్ట్రెస్. "మీరు మాట్లాడకూడదు."

"ఒక్క ముక్క తల్లీ. వెనక్కి తీసుకుందామని..."

"రూలండీ. మీరైనా రూలు పాటించకపోతే ఎలా?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన జీవితంలో మొదటిసారి, ఈల పడ్డాక పరిగెత్తుకొచ్చిన మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డారు. మెల్లగా కూర్చున్నారు.

లెక్కల సారు ఇంకా కూర్చోలేదు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. "నాకు ఇంకో అభిప్రాయం ఉందండీ" అన్నారు. "ఆరో తరగతి గదిలో బొత్తిగా గాలి ఆడటం లేదు. వెనక తలుపు తీసి ఉంచితే బాగుంటుంది."

హెడ్‌మిస్ట్రెస్ ఆయన్ని చూసింది. ఆ తర్వాత ముందు బెంచీ వైపు చూసింది. ఆవిడ గట్టి ముఖం ఎక్కడో కాస్త సడలిందని, పక్కనున్న కూతురు తర్వాత చెప్పింది.

"టీచరు ఏదైనా కావాలంటే తల్లిదండ్రులకి అభ్యంతరముందా అని అడగొచ్చు, అది రూల్లోనే ఉంది" అంది ఆవిడ. "గడియ వేయమన్నది వీరే కాబట్టి వీరినే అడుగుతాను. ఏమండీ కంట్రోలర్ గారూ, అభ్యంతరమా?"

"లేదమ్మా" అన్నారాయన. "పిల్లలకి గాలి ఆడాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకావిడ మాత్రం, "మావాడికి ఆ గదిలో ఉక్కగానే ఉందట" అని పక్కావిడతో అంది.

బయట గేటు దగ్గర పిట్టా మైకూ ఎదురుచూస్తున్నారు. తలుపు తీస్తారట అని అప్పటికే మైకు రెండు వీధులకి వినబడేలా చెబుతోంది. ఆయన్ని పఠన మందిరంలో దిగబెట్టడానికి పెద్ద రోడ్డు దాకా వచ్చాక, తెల్ల చారలున్న అంచు దగ్గర ఆగి కూతురు అడిగింది.

"నెలాఖరైపోయింది నాన్నా. ఆ ప్రైవేటు స్కూలువాళ్లకి ఏం చెప్పమంటావ్? నీ కళ్ల ఆపరేషన్ అయిపోతే పిట్టకి ఇంక నీ వెనకాల తిరిగే పనుండదు. ఆ బస్సెక్కినా బెంగలేదు."

"సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఈసారి వేరే బస్సేదీ అడ్డం రాదులే" అన్నారు కంట్రోలర్ గారు. "బడి మాత్రం ఇదే ఉండనీ."

"మంచి బడంటావా?"

"ఏమో. కుళాయి బొట్టు బొట్టుగానే పడుతోంది, గోడకి చెమ్మ ఉందో లేదో నాకు కనపడదు." ఆయన రోడ్డు వైపు చెవి పెట్టి ఆగారు. చప్పుడు లేని బండి ఒకటి వస్తోందని పిట్ట ఆయన మోచెయ్యి నొక్కింది. అది పోయేదాకా ముగ్గురూ నిలబడ్డారు. "ఆ సారుకి మాత్రం చెవులు బాగా పనిచేస్తాయమ్మా" అన్నారు. చేతిని మనవరాలి భుజం మీద వేసి, రోడ్డు దాటడానికి కాలు కిందికి దించారు.